మెరుపు చేతికి తెరుచుకోని ఫైలు

ఆఫీసులో టైపు మిషన్లకు కాలం చెల్లిందని తేలిపోయాక టైపిస్టులందరికీ ఒక పరీక్ష పెట్టారు. అదేమంత బ్రహ్మవిద్య కాదు. కంప్యూటర్లో చిన్న ప్రోగ్రాం రాయాలి. అది "ఏ ఫైలు కావాలి?" అని అడగాలి, పేరు కొట్టగానే ఆ ఫైలు తెరిచి అందులో ఉన్నది చూపించాలి. నెగ్గినవాళ్లు ఉన్న కుర్చీలో ఉంటారు. తప్పినవాళ్లు కింది అంతస్తులో పాత కాగితాల గదికి పోతారు. ఆ గదికి కిటికీ కూడా లేదు.

శనివారం మొదటి విడతలో మెరుపు తప్పింది. ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. వేళ్ల వేగం చూసి ఎవరో మెరుపన్నారు, అదే స్థిరపడిపోయింది. ఏళ్ల తరబడి పెద్ద టైపిస్టు పక్క కుర్చీ ఆమెదే. వాళ్లిద్దరూ పక్కపక్కన కూర్చుని టైపు కొడుతుంటే మధ్యలో మాట్లాడే ధైర్యం మేనేజరుకైనా ఉండేది కాదు.

"ప్రోగ్రాం అంతా సరిగ్గానే రాశానక్కా. పేరు కొడితే మాత్రం 'ఫైలు తెరుచుకోలేదు' అంటుంది. ఎన్నిసార్లు కొట్టినా అదే పాట. పక్కన పరీక్ష పెట్టే ఆ ఆఫీసరేమో వాచీ చూసుకుంటున్నాడు" అని మెట్ల దగ్గర వెక్కి వెక్కి ఏడ్చింది మెరుపు. పెద్ద టైపిస్టుకు భయం పట్టుకుంది. మెరుపే తప్పితే ఇక తనెంత? తన వంతు సోమవారం.

ఆదివారం మధ్యాహ్నం చెల్లెలి ఇంటికి పరిగెత్తింది. చెల్లెలిది కంప్యూటర్ల ఉద్యోగమే. తిన్న పళ్లేలు బల్ల మీద ఉండగానే ఇద్దరూ తెర ముందు చేరారు. పెద్ద టైపిస్టు ప్రోగ్రాం రాసి, నడిపించి, ఫైలు పేరు కొట్టింది.

ఫైలు తెరుచుకోలేదు.

"అసలు ఆ ఫైలు ఉందా?" అంది చెల్లెలు. ఉంది. ప్రోగ్రాం ఉన్నచోటే ఉందా? అక్కడే ఉంది. పేరులో అక్షరాలు సరిగ్గా ఉన్నాయా? ఉన్నాయి. "ఏదీ, జరుగు" అని చెల్లెలు అదే పేరు కొట్టింది. ఫైల్లో ఉన్న ఉత్తరం కళకళలాడుతూ తెర మీదకి వచ్చేసింది. మళ్లీ అక్క కొట్టింది. తెరుచుకోలేదు.

"చూశావా, నా చెయ్యంటేనే దీనికి గిట్టదు!" అని పెద్ద టైపిస్టు కీబోర్డుని అవతలికి తోసింది.

"దాని మీద అలుగుతావేంటక్కా? దానికి ఏం వినబడిందో దాన్నే అడుగుదాం" అంటూ చెల్లెలు ప్రోగ్రాంలో ఇంకో వాక్యం చేర్చింది. అందిన పేరుని రెండు బ్రాకెట్ల మధ్య పెట్టి చూపించమని ఆ వాక్యం. అక్క మళ్లీ పేరు కొట్టింది. తెర మీద బ్రాకెట్ల మధ్య పేరు కనబడింది, పేరు తర్వాత ఇంత ఖాళీ కూడా కనబడింది.

"ఈ ఖాళీ ఎక్కడిది?"

"ఏం ఖాళీ? నేనేం కొట్టలేదే!"

"ఇంకోసారి కొట్టు. ఈసారి నీ చేతులు చూస్తా."

పేరు అయిపోగానే అక్క కుడి బొటనవేలు స్పేస్ మీద ఒక దెబ్బ వేసింది. ఆ తర్వాతే చిటికెనవేలు ఎంటర్ మీదికి వెళ్లింది. చెల్లెలు పకపకా నవ్వుతూ నవ్వుతూనే ఆగిపోయింది.

పుట్టింటి ముందు గదిలో నాన్న నడిపిన టైపు ఇన్‌స్టిట్యూట్ ఇద్దరికీ ఒక్కసారే గుర్తొచ్చింది. గోడ వారగా వరుసగా మిషన్లు, రిబ్బను సిరా వాసన, గీత చివర మోగే గంటలు. నాన్న వీధివైపు తిరిగి కూర్చుని చెవులతోనే పాఠం చెప్పేవాడు. మాట అయ్యాక బొటనవేలి చప్పుడు వినబడకపోతే వెనక్కి తిరక్కుండానే, "మూడో మిషను, మాట పూర్తయిందా అమ్మా?" అనేవాడు. మాట కొట్టడం సగం పనేననీ, బొటనవేలు పడితేనే ఆ మాట ముగిసినట్టనీ ఆయన లెక్క. ఎంత చాదస్తం! ఎంత బాగుండేది! ఆయన పోయాక మిషన్లు తూకానికి వెళ్లిపోయాయి, ఆ గదిలో ఇప్పుడు ఎవరో కళ్లజోళ్లు అమ్ముకుంటున్నారు.

"నాకు ఆ వేలు ఎప్పటికీ పడలేదు. నాన్న విసిగిపోయి వదిలేశాడు" అంది చెల్లెలు. "అందుకే నాకు తెరుచుకుందక్కా." ఆ మాట అంటుంటే ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

పేరుకి చివర ఉన్న ఖాళీల్ని కత్తిరించెయ్యమని ఒక్క వాక్యం రాస్తే ఇక ఏ వేలు పడినా ఫరవాలేదని చెల్లెలు నేర్పింది. రాశారు. తెరుచుకుంది. పెద్ద టైపిస్టు ప్రాణం కుదుటపడింది. ఆ మరుక్షణమే ఒక సంగతి గుర్తొచ్చింది. మెరుపు టైపు నేర్చుకున్నదీ ఆ ముందు గదిలోనే.

సోమవారం పెద్ద టైపిస్టు ప్రోగ్రాం మొదటిసారికే పనిచేసింది. ఆఫీసరు కాగితం మీద టిక్కు పెట్టి "ఇక వెళ్లండమ్మా" అన్నాడు. ఆవిడ లేవలేదు.

"శనివారం తప్పిన మనిషి ప్రోగ్రాం ఇంకా ఇందులో ఉందా సార్? ఒక్కసారి మీ చేత్తో పేరు కొట్టి చూడండి."

అతను విసుక్కుంటూనే కొట్టాడు. ఫైలు తెరుచుకుంది. నమ్మలేక మళ్లీ కొట్టాడు. మళ్లీ తెరుచుకుంది.

"మరి ఆవిడ కొడితే ఎందుకు రాలేదు?"

"తప్పు ఆవిడది కాదండీ, మా నాన్నది" అని పెద్ద టైపిస్టు బొటనవేలి సంగతంతా చెప్పేసింది.

ఆఫీసరు చెడ్డవాడేం కాదు. "రాసిన ప్రోగ్రాంలో ఇప్పుడు అక్షరం కూడా మార్చకూడదు. ఆవిడే వచ్చి, ఆవిడ చేత్తోనే కొట్టి తెరవాలి. తెరిస్తే నెగ్గినట్టు రాస్తాను" అన్నాడు.

మెరుపు కింది కాగితాల గదిలోంచి దుమ్ము చేతులతో వచ్చింది. పేరు చివర ఎంటర్ తప్ప ఇంకేమీ నొక్కొద్దని చెప్పారు. తలూపింది. కొట్టింది. బొటనవేలు దాని పని అది చేసేసింది. పళ్లు బిగబట్టి మళ్లీ కొట్టింది. మళ్లీ అదే.

"నావల్ల కాదక్కా. అది నా మాట వినదు" అంది మెరుపు.

పెద్ద టైపిస్టు కుర్చీ పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. మెరుపు కుడి బొటనవేలిని కీబోర్డు మీద నుంచి పైకి లేపి గుప్పిట్లో పట్టుకుంది.

"ఇప్పుడు కొట్టు."

మిగిలిన వేళ్లతో, ఎప్పుడూ లేనంత నెమ్మదిగా, కొత్తగా నేర్చుకుంటున్న పిల్లలా మెరుపు ఒక్కో అక్షరమే కొట్టింది. పేరు అయిపోయింది. గుప్పిట్లో వేలు కిందికి గుంజుకుంది. పెద్ద టైపిస్టు వదల్లేదు. మెరుపు ఎంటర్ నొక్కింది.

ఉత్తరం తెర నిండా వచ్చింది. ఆఫీసరు ఏదో రాసుకుని, కలం మూసి, బయటికి వెళ్లిపోయాడు. మెరుపు మొహం నిండా నవ్వుతో ఇటు తిరిగింది. పెద్ద టైపిస్టు ఆ వేలిని ఇంకా పట్టుకునే ఉంది, కళ్లు తుడుచుకోవడానికి కూడా వదల్లేదు.