తెలిసిన పిల్లైతే లేచి వెళ్ళాలి

నలభై దాటాక స్టూడెంట్ కౌన్సెలింగ్‌లో ఎం.ఏ. చేరితే ఇరుగుపొరుగు నవ్వారు. ఆమె లెక్కచెయ్యలేదు. ఊళ్ళో పిల్లల గోడు వినడం నేర్చుకుంటే కన్నకూతురి గోడు వినడం ఎంత పని అనుకుంది.

కూతురు మాత్రం తన గోడు పిచ్చుక దగ్గరికి మోసుకెళ్ళింది.

పిచ్చుక తల్లితో పాటు ఆ ఎం.ఏ. చదువుతోంది. గుప్పెడు మనిషి, నిమిషం నోరు మూయదు, అందుకే క్లాసులో ఆ పేరు. చదువులో భాగంగా ఒక్కొక్కరూ ఒక్కో బడికి వెళ్ళి పిల్లలతో మాట్లాడాలి. పిచ్చుకకి కూతురి బడి పడింది. అప్పటి నుంచీ ఇంట్లో ఒకటే పాట.

"కౌన్సెలర్ అక్క అసలు మాట్లాడదమ్మా. అలా వింటూనే ఉంటుంది."

'అది మాట్లాడదా' అన్న మాట నాలుక చివరి దాకా వస్తే మింగేసింది. పిచ్చుక తన క్లాసేనని కూతురికి చెప్పలేదు. ఆ పిల్ల తన కూతురని పిచ్చుకకీ చెప్పలేదు. గురువారం క్లాసులో ఎవరు విన్న కేసు వాళ్ళు, పేర్లు లేకుండా, ప్రొఫెసరమ్మ ముందు పెడతారు. ఏదో ఒక వారం కూతురి కేసూ రాకపోదు, తనకు చెప్పని మాట తన చెవిన పడకపోదు. అడ్డు ఒక్కటే. పిల్ల ఎవరో పోల్చుకున్నవాళ్ళు లేచి బయటికి వెళ్ళిపోవాలి. అది అక్కడి కట్టుబాటు.

ఆ గురువారం రానే వచ్చింది.

"పదో తరగతి అమ్మాయి," అంది పిచ్చుక. "మాట తడబడినప్పుడల్లా జడ కొస నోట్లో పెట్టుకుంటుంది."

ఆమె పోల్చుకుంది. ఆ జడ పొద్దున తను వేసిందే. లేవాలి. ఇంకొక్క మాట విని లేద్దాం అనుకుంది.

"అమ్మకి చెప్పొచ్చుగా అన్నాను. 'మా అమ్మ వినదక్కా, ప్రాక్టీస్ చేస్తుంది. తలనొప్పి అన్నాననుకో, అంటే నీకు తలనొప్పిగా అనిపిస్తోందన్నమాట అంటుంది. మాత్ర ఇవ్వదు' అంది."

క్లాసంతా గొల్లున నవ్వింది. ఆమె కూడా నవ్వింది, నవ్వకపోతే దొరికిపోతానని.

"అసలు సంగతేమిటంటే," పిచ్చుక గొంతు తగ్గింది, "ఆ పిల్ల..."

"నేను వెళ్ళాలి." ఆమె లేచింది. "ఆ పిల్ల నాకు తెలుసు."

నవ్వులు ఆగిపోయాయి. పిచ్చుక మొహం పాలిపోయింది.

వరండాలో బెంచీ మీద కూర్చుంటే లోపలి నుంచి గొణుగుడు తప్ప మాట వినపడలేదు. తన కడుపున పుట్టినదాని కష్టం దాని ముక్కూ మొహం తెలియని పదిమంది వింటున్నారు. తను బయట గోడకి బల్లిలా ఉంది.

క్లాసయ్యాక పిచ్చుక వచ్చి పక్కన కూర్చుంది. "మీ అమ్మాయా అక్కా? కేసు ఇంకెవరికైనా అప్పగించమంటారా?"

"వద్దు. నీకైనా చెబుతోందిగా." ఆ మాట అనేసరికి ఆమెకు ప్రాణం పోయినంత పనైంది.

మర్నాడు పొద్దున కూతురు దువ్వెన తెచ్చి ముందు కూర్చుంది. "ఇవాళ అక్క దగ్గరికి వెళ్ళాలి. నున్నగా దువ్వమ్మా."

ఆమె పాయలు బిగించి లాగింది.

"అబ్బా, నొప్పి."

అంటే నీకు నొప్పిగా... నోటి దాకా వచ్చింది. "నొప్పైతే కదలకుండా కూర్చో," అంది.

కూతురు వెనక్కి తిరిగి వింతగా చూసి, ఫక్కున నవ్వింది.

ఆమె జడ కొసకి రిబ్బను రెండు చుట్లు ఎక్కువే చుట్టి ముడేసింది. అక్కడ ఆ గదిలో కూర్చుని పిల్ల కొస నోట్లో పెట్టుకున్నప్పుడు, ముందు తను వేసిన ముడే తగలాలి.