పన్నెండో పేరు

మాది అయిదు ఊళ్లకు కలిపి ఒకటే పంచాయతీ. మాట్లాడే భాషలు మూడు. తిట్టుకోవడానికి మాత్రం మూడూ అందరికీ వచ్చు. బడిలో ఏ భాషకైనా పన్నెండుమంది పిల్లలుంటేనే తరగతి నడుపుతారు. మా భాషకు సరిగ్గా పన్నెండుమందే. ఆ తరగతికి పంతులమ్మను నేను.

చలికాలంలో, మా వీధిలో బట్టలు కుట్టే ఆమె కూతురు మూడు రోజుల జ్వరంతో పోయింది. తొమ్మిదేళ్ల పిల్ల, నా తరగతిదే. మట్టి చేసిన మర్నాడే మా ఊరి పెద్దలు నా ఇంటికొచ్చారు. వారంలో తనిఖీ ఉంది. హాజరుపట్టీలో దాని పేరు కొట్టేస్తే తరగతి ఎత్తేస్తారు, మిగతా పదకొండుమందీ అర్థంకాని భాషలో బిక్కమొహాలేసుకుని కూర్చుంటారు. ఆ తల్లిని ఒప్పించే పని నా నెత్తిన పెట్టారు. నాకూ ఉద్యోగం తీపే, అబద్ధమెందుకు!

వెళ్లేసరికి ఆమె కుట్టుమిషన్ ముందు ఊరికే కూర్చుని ఉంది.

"పేరు ఉండనిద్దాం వదినా," అన్నాను. "మిగతా పిల్లల కోసం."

"ఉండనీ," అంది. "రోజూ ఒకరైనా దాన్ని పేరు పెట్టి పిలుస్తారు."

నేను పిలవలేదు. హాజరు వేసేటప్పుడు దాని వంతు రాగానే పేరు మింగేసి, గబగబా టిక్కు పెట్టేసేదాన్ని. తనిఖీకి వచ్చినాయనతో, "జలుబు చేసి ఇంటి దగ్గరుందండీ," అన్నాను. నోరు పడిపోతుందనుకున్నాను, పడిపోలేదు.

ఏడాది చివర మార్కులు వేయాల్సి వచ్చింది. ఖాళీగా వదిలితే దొరికిపోతాం. పోయిన పిల్ల దగ్గర పిసినారితనమెందుకని అన్నింట్లోనూ ఎనభై వేసేశాను.

ఫలితాల రోజు ఆమె వచ్చింది. నేను రమ్మనలేదు. తల్లులందరితో పాటు వరసలో నిలబడింది. కార్డు ఇస్తే ఒక్కో గడి మీదా వేలుపెట్టి చదువుకుంది.

"లెక్కల్లో ఎనభయ్యా?"

"అవును వదినా."

"దానికి ఏడో ఎక్కం దాటి రాలేదు. పరీక్ష వచ్చిందంటే నా చేత తన్నులు తినేది. జ్వరం తగిలిన రోజు కూడా కొట్టాను." కార్డు నా బల్ల మీద పెట్టేసింది. "ఇదెవరి పిల్లో! నా పిల్లకు ఇరవై రెండు వెయ్యి. తప్పితే తప్పనీ."

వరసలో అందరూ చూస్తున్నారు. ఎనభై కొట్టేసి ఇరవై రెండు వేశాను.

ఆ కార్డు తీసుకుని, కూతురు పోయాక మొదటిసారి, ఆమె నా బల్ల ముందు కూలబడి ఏడ్చింది.