పడుకోబెట్టిన ముక్క

పరీక్షకొచ్చిన చర్మపు ముక్కను కరిగిన మైనంలో నిలబెట్టాలి. పడుకోబెట్టకూడదు. ఆ ఆసుపత్రి ల్యాబులో చేరిన ఎవడికైనా మొదటిరోజు మొదటి గంటలో చెప్పే మాట ఇది. గోడను పక్కనుంచి కోస్తేనే పైన సున్నం ఎంత మందం, లోపల ఇటుక ఎంత మందం అని తెలుస్తుంది. ఎదురుగా నిలబడి గీకితే సున్నం తప్ప ఏం రాలుతుంది? చర్మమూ అంతే. నిలబెట్టి కోస్తే పై పొరా, కింది పొరా, ఆ రెంటి మధ్యకి చొరబడ్డ దొంగ కణాలూ వరసగా కనిపిస్తాయి.

ఇరవై ఎనిమిదేళ్ళ కిందట ఆ మాటకు బుద్ధిగా తలూపి, రెండో నెలలోనే ఒక ముక్కను హాయిగా పడుకోబెట్టాడు మేస్త్రి. అప్పటినుంచీ ఆయన పేరు పడక మేస్త్రి. చదువుకున్నవాడు తప్పు చేస్తే ఆ తప్పుకు ఒక పేరు పెట్టి పుస్తకంలో వేస్తారు. తొమ్మిదో తరగతిలో బడి మానేసినవాడు తప్పు చేస్తే వాడికే పేరు పెడతారు. ఆ తర్వాత ఆయన లక్ష ముక్కలు నిలబెట్టి ఉంటాడు. ఒక్కటీ ఎవరికీ గుర్తులేదు.

పైగా ఆ పడుకున్న ముక్క ఎవరిదో కాదు, సొంత అత్తగారిది.

ఆవిడ తుంటి మీద అరచేయంత ఎర్రమచ్చ ఎనిమిదేళ్ళుగా ఉండేది. ఒకాయన తామర అన్నాడు, ఒకాయన గజ్జి అన్నాడు, ఇంకొకాయన సబ్బు మార్చమన్నాడు. పూసిన మలాములన్నీ కలిపితే బకెట్టు నిండేది. కొత్తగా పెళ్ళయి, కొత్తగా ఉద్యోగంలో చేరిన అల్లుడు, తన పలుకుబడి చూపించుకుందామని ఆవిడను ఆసుపత్రికి తీసుకొచ్చాడు. చర్మ విభాగంలో డాక్టరమ్మ అప్పటికింకా చిన్న డాక్టరే. ఆవిడ మచ్చను కళ్ళతో చూసింది తక్కువ, కళ్ళు మూసుకుని వేళ్ళతో తడిమింది ఎక్కువ. మూడు వారాలు ఏ మలామూ పూసుకోకుండా రమ్మంది. మలాము పడితే ఆ కణాలు నక్కి కూర్చుంటాయట, ముక్క తీసినా దొరకవట.

మూడు వారాలయ్యాక కందిగింజంత ముక్క తీసి కిందికి పంపింది. అత్తగారి ముక్క అనేసరికి అల్లుడి చేతులు వణికాయి. పట్టకారు జారింది. ముక్క మైనంలో బోర్లా పడింది, మైనం గడ్డకట్టింది, ఆయన చూసుకోలేదు. నాలుగు పొరలు కోసి, గాజు అద్దం మీద పెట్టి మైక్రోస్కోపులో చూశాక గానీ బండారం బయటపడలేదు. దాంతో అత్తగారికి రెండోసారి కోత పడింది. ఆవిడ ఆ రోజు కట్టు కట్టించుకుంటూ అన్న మాట ఇంట్లో ఇప్పటికీ చెల్లుబాటులో ఉంది.

“నా తుంటి మీద రెండు కోతలు. ఒకటి డాక్టరమ్మ పెట్టింది, ఒకటి మా అల్లుడు పెట్టించాడు.”

రెండో ముక్కలో జబ్బు దొరికింది. లింఫోమా. తెల్లరక్తకణాలకు వచ్చే కాన్సరు, చర్మంలోనే కాపురం పెట్టే రకం. ఇల్లంతా ఏడుపులు. పెద్ద డాక్టర్లు గట్టి మందులు ఎక్కించేద్దామన్నారు. చిన్న డాక్టరు అడ్డం పడింది. అత్తగారిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, “ఇది మిమ్మల్ని చంపడానికి తొందరపడటం లేదమ్మా. మనమూ తొందరపడి మిమ్మల్ని చంపుకోవద్దు” అంది. అతినీలలోహిత దీపాల పెట్టెలో నిలబెట్టి వైద్యం మొదలుపెట్టింది. రెండేళ్ళకు మచ్చ మాయమైంది.

డాక్టరమ్మ బతుకంతా ఆ ఒక్క మాట మీదే నడిచింది. లక్షమందిలో ఒకరికి వస్తుందో రాదో తెలియని జబ్బు నీకెందుకు, మొటిమల మీద పరిశోధన చేసుకుంటే పేరుకు పేరు, పేషెంట్లకు పేషెంట్లు అని పెద్దలు హితవు చెప్పారు. ఆవిడ విన్నట్టే విని, బట్ట అట్ట వేసిన లావుపాటి పుస్తకం ఒకటి తెరిచింది. పేజీకో మనిషి బొమ్మ. ఆ బొమ్మ మీద ఎవరికి ఎక్కడ మచ్చ ఉంటే అక్కడ రంగు పెన్సిలుతో దిద్దేది. మచ్చ తగ్గితే పక్కపేజీలో ఇంకో బొమ్మ. రావలసిన మనిషి రాకపోతే ఫోన్ చేసేది, ఫోన్ ఎత్తకపోతే ఉత్తరం రాసేది, ఉత్తరానికీ పలక్కపోతే బస్సెక్కి వెళ్ళి తలుపు తట్టేది. అప్పులవాళ్ళు కూడా అంతగా వెంటపడరు. అలా అరవై ముగ్గురు పోగయ్యారు. ఆవిడ చెప్పేదల్లా ఒకటే. మొదట్లోనే పట్టుకుని మెత్తగా వైద్యం చేస్తే, వీళ్ళలో చాలామంది అందరిలాగే ముసలివాళ్ళై, అందరిలాగే ఇంట్లోవాళ్ళను విసిగిస్తారు. దానికి మొదటి సాక్షి, పుస్తకంలో ఒకటో నంబరు, మేస్త్రి అత్తగారు. విసిగించే విషయంలో ఆవిడను మించిన సాక్ష్యం ఉండదని మేస్త్రి ప్రమాణం చేసి చెప్పగలడు.

ఇప్పుడు డాక్టరమ్మ రిటైర్మెంటు నెలరోజుల్లో ఉంది. ఇరవై ఎనిమిదేళ్ళ పనినీ ఒక వ్యాసంగా రాసి పెద్ద పత్రికకు పంపింది. పత్రిక తరఫున పేరు చెప్పని పెద్దమనిషి ఒకాయన అది చదివి కొర్రీ పెట్టాడు. ఒకటో నంబరు పేషెంటుకు అసలు లింఫోమాయేనా? ఉత్త గజ్జేమో, అందుకే నిక్షేపంలా ఉందేమో? పాత ముక్క మీద జన్యు పరీక్ష చేసి, అందులోని కణాలకు కొత్తగా ఫొటో తీసి పంపండి, లేదా ఆవిడను లెక్కలోంచి తీసెయ్యండి. తీసేస్తే వ్యాసానికి నడుం విరిగినట్టే. మిగతావాళ్ళందరూ ఆ తర్వాత చాలా ఏళ్ళకు చేరినవాళ్ళు.

కొత్తగా ముక్క తీద్దామంటే ఆవిడ తుంటి మీద మచ్చే లేదు. పాత అద్దాల మీద రంగు వెలిసిపోయింది. రెండోసారి తీసిన ముక్క ఉన్న మైనపు దిమ్మ కోసం మేస్త్రి అలమారంతా వెతికి పట్టుకొచ్చాడు. ఏడాదికో బ్యాచి విద్యార్థులకు చూపించడానికి చెక్కీ చెక్కీ, అందులో మైనమే మిగిలింది.

ఆ సాయంత్రం ఇంట్లో ఈ సంగతి చెప్పాడు. డెబ్బై ఆరేళ్ళ అత్తగారు టీ గ్లాసు కింద పెట్టేసింది.

“అయితే నాకు జబ్బే లేదంటాడా వాడు?”

“లేదనడం లేదు అత్తయ్యా, రుజువు అడుగుతున్నాడు.”

“రెండేళ్ళు వారానికి మూడుసార్లు కళ్ళకు గంతలు కట్టుకుని ఆ దీపాల మధ్య పొదిగే గుడ్డులా నిలబడ్డానే. గజ్జికా నిలబడింది?”

కాన్సరు కాదేమో అంటే ఏడ్చే మనిషి భూమ్మీద ఈవిడొక్కతే అనుకున్నాడు మేస్త్రి. కానీ ఆవిడ ఏడ్చింది జబ్బు కోసం కాదని ఆయనకూ తెలుసు. “డాక్టరమ్మ మొహం చూసే నేను ధైర్యంగా బతికాను. ఇప్పుడు నా మూలంగా ఆవిడ మాట పోతుందా?” అని కొంగుతో ముక్కు తుడుచుకుంది.

నిజానికి ఆ పడుకోబెట్టిన మొదటి దిమ్మ మేస్త్రి దగ్గరే ఉంది.

పారెయ్యమని డాక్టరమ్మ ఆనాడే చెప్పింది. పారేశానని ఈయనా చెప్పాడు. పారెయ్యలేదు. పాత బ్లేడ్లు వేసుకునే రేకు డబ్బాలో అడుగున పెట్టుకున్నాడు. మొదటి ఏడాది సిగ్గుతో ఉంచుకున్నాడు. తర్వాత కోపంతో. ఎవడైనా పడక మేస్త్రీ అని పిలిచి నవ్వినప్పుడల్లా డబ్బా తెరిచి, దాన్ని చూసి, పళ్ళు కొరికి మూసేవాడు. పగను పెంచుకునేవాళ్ళు పామును పెంచుకుంటారంటారు, ఈయన మైనపు ముద్దను పెంచుకున్నాడు. పేషెంటు ముక్కను సొంత డబ్బాలో దాచుకోవడం ఉద్యోగం ఊడే తప్పని ఆయనకు తెలియక కాదు.

మర్నాడు పొద్దున్నే డబ్బా చంకలో పెట్టుకుని పైకెళ్ళాడు. డాక్టరమ్మ గదిలో పుస్తకాలు సగం అట్టపెట్టెల్లోకి ఎక్కాయి. ఒకటో నంబరును తీసేస్తున్నామని పత్రికకు జవాబు టైపు చేస్తోందావిడ. మేస్త్రి దిమ్మ తీసి బల్లమీద పెట్టాడు. ఆవిడ కళ్ళజోడు పైకి తోసి, దాని మీది నంబరు చదివింది. కుర్రతనపు వంకర అంకెలు, ఆయనవే.

“ఇది పారేశానన్నారుగా మేస్త్రీ.”

“అబద్ధం చెప్పాను మేడమ్.”

“ఇరవై ఎనిమిదేళ్ళుగానా?”

“లేదు మేడమ్, ఒక్కరోజే చెప్పాను. తర్వాత ఎవరూ అడగలేదు.”

ఆవిడ దిమ్మను కిటికీ వెలుగులో తిప్పి తిప్పి చూసింది. ఇందులోంచి కోసింది నాలుగు పొరలే, మిగతా ముక్కంతా చెక్కుచెదరకుండా ఉంది. పాడైందని ఎవరూ ముట్టుకోకపోబట్టే మిగిలింది. టైపు చేసిన జవాబును ఆవిడ ఒక్కో అక్షరమే చెరిపేసింది.

“నిలబెట్టగలరా?” అని మాత్రం అడిగింది.

కింద ల్యాబులో మేస్త్రి దిమ్మను కరిగించాడు. డాక్టరమ్మ కూడా వచ్చి భుజం పక్కన నిలబడింది. “మీరు బయటికెళ్ళండి మేడమ్. చూస్తూ ఉంటే ఇది మళ్ళీ పడుకుంటుంది” అన్నాడు. ఆవిడ బుద్ధిగా బయటికెళ్ళింది. వెచ్చటి పట్టకారుతో ముక్కను అంచు మీద లేపి, మైనం తెల్లబడేదాకా ఊపిరి బిగబట్టి పట్టుకున్నాడు. ఈసారి చేతులు వణకలేదు. లక్ష ముక్కలు ఊరికే పోతాయా? మంచు మీద పెట్టి చల్లబరిచాక పొరలు కోసే మిషనుకు బిగించి చక్రం తిప్పాడు. మొదటి రెండు పొరలు పొడిపొడిగా రాలాయి. మూడోది చుట్టుకుంది. నాలుగోదాని నుంచి మాత్రం ఒకదాన్నొకటి పట్టుకుని రిబ్బనులా వచ్చి, గోరువెచ్చటి నీళ్ళ మీద పరుచుకున్నాయి.

రంగు వేసిన అద్దాన్ని డాక్టరమ్మ మైక్రోస్కోపు కింద పెట్టి ఈ చివరనుంచి ఆ చివరదాకా చూసింది. తర్వాత కుర్చీలోంచి లేచి, ఆయన్ని కూర్చోమంది. పై పొర అడుగంచున ఒకదాని పక్కన ఒకటి, మెట్ల మీద కూర్చున్నట్టు, నల్లటి కణాలు. అక్కడక్కడా గుంపులు. ఇరవై ఎనిమిదేళ్ళుగా డబ్బాలో తిట్లు తింటూ కూర్చున్నవి అవే. రెండు వారాలకు జన్యు పరీక్ష కూడా వచ్చింది. ఆ కణాలన్నీ ఒకే తల్లి పిల్లలు, అంటే గజ్జి కాదు, కాన్సరే. పెద్దమనిషి కొర్రీ వెనక్కి తీసుకున్నాడు.

డాక్టరమ్మ దిమ్మను లెక్కప్రకారం పుస్తకంలో ఎక్కించి, అలమారలో పెట్టించి, రేకు డబ్బాలో ఇంకేమైనా ఉన్నాయేమో తనే వెతికి మరీ చివాట్లు పెట్టింది. వ్యాసం చివర మాత్రం ఆయనకు కృతజ్ఞతలు రాసింది. ఆయన అసలు పేరు చూసి ల్యాబులో సగంమంది ఈయనెవరని అడిగారు.

డాక్టరమ్మ ఆఖరిరోజు అత్తగారు ఇస్త్రీ చీర కట్టుకుని బయల్దేరింది. ఒకటో నంబరును ఆఖరిసారి చూడకుండా ఎలా వెళ్తుందని ఆవిడ పట్టు. పరదా లోపల డాక్టరమ్మ కళ్ళు మూసుకుని తుంటి తడిమింది. మచ్చ లేదు, రెండు గాట్లు తప్ప.

“రెండోది మీరంతా కలిసి చెక్కి తినేశారు. మొదటిది మా అల్లుడు దాచాడు” అంటున్న అత్తగారి గొంతు, దాని మీద డాక్టరమ్మ నవ్వు, పరదా బయట బెంచీ మీద కూర్చున్న మేస్త్రికి వినబడ్డాయి. ఆయనకూ నవ్వాగలేదు.

అటుగా పోతున్న నర్సు ఆగింది. “ఏంటి పడక మేస్త్రీ, అంత సంబరం?”

“మా అత్తగారికి కాన్సరని ఖాయమైందమ్మా” అన్నాడాయన, చెవులదాకా నవ్వుతూ.