మెట్ల వెనక దుంగ

దుంగలు పేర్చి కట్టిన మా ఇంటికి మామూలుగా వేసే ఎర్రమట్టి రంగు కాదని, తైస్తో అనే మా ఆయన ప్లాస్టిక్ పెయింటు పూసిన రోజు నుంచీ మా బావగారు అర్మాస్ రావడం మానేశారు. ఆయన ఈ చుట్టుపక్కల పేరున్న, దుంగల ఇళ్ళు కట్టే వడ్రంగి. చెక్కకి ఊపిరాడకుండా చేశావు, గోడ అడుగు దుంగ కుళ్ళాక కబురు పెట్టు అని తమ్ముడి మొహం మీదే అన్నారు. తైస్తో ఏమన్నా తక్కువ తిన్నాడా, నీ వడ్రంగం నీ ఇంట్లోనే చేసుకో అన్నాడు. ఇద్దరూ ఒకే తాను ముక్కలు. సరస్సుకి చెరో ఒడ్డునా ఉంటూ ఏళ్ళ తరబడి పలకరింపుల్లేవు. మధ్యలో నేను, చేపల పులుసు గిన్నెతో పడవలో అటూ ఇటూ.

ఈ వేసవిలో మా వీధి తలుపు పట్టేయసాగింది. మెట్ల వైపు మూల కిందికి దిగింది. అడుగు దుంగ కుళ్ళిందని మా ఆలుమగలిద్దరికీ తెలుస్తూనే ఉంది. చలికాలం లోపు ఇంటిని జాకీల మీద ఎత్తి దుంగ మార్చకపోతే మూల కూలిపోతుంది. అన్నకి కబురు పెట్టడానికి తైస్తోకి మొహం చెల్లలేదు. నేనే ఫోన్ చేశాను.

బావగారు పడవ దిగి వచ్చారు. తైస్తో తల వంచుకుని, తప్పంతా నా రంగుదే అన్నయ్యా అని ముందే ఒప్పేసుకుని, పడవలోని జాకీలు తేవడానికి వెళ్ళాడు. అంత పొగరుబోతు అలా తల వంచడం నేనెప్పుడూ చూడలేదు.

బావగారు గోడ పొడుగునా కత్తితో పొడిచి చూశారు. ఎక్కడా దిగలేదు, రంగు కింద చెక్క గట్టిగానే ఉంది. మెట్ల వెనక మాత్రం పిడిదాకా దిగింది. ఆ సిమెంటు మెట్లు మా గృహప్రవేశానికి ఆయన కానుకగా పోసినవి. దుంగకి ఆనించి పోశారు. వాన నీళ్ళు ఆ సందులో నిలిచి చెక్కని తినేశాయి. ఆయన నా వైపు చూశారు. నేను చూశానని ఆయనకి అర్థమైంది. ఈయన చెప్పకపోతే నేనే కడిగేస్తాను అనుకున్నాను.

తైస్తో జాకీలు మోసుకొచ్చాడు.

"జాకీలు తర్వాతరా. సమ్మెట తే. ముందు ఈ మెట్లు పగలగొట్టాలి" అన్నారు బావగారు.

"మెట్లెందుకు?"

"కుళ్ళబెట్టింది ఇవే. నేను పోసినవే."

తైస్తో జాకీలు కింద పెట్టి మెట్ల వెనక సందులోకి వంగి చూశాడు.

"మరి నా రంగు?"

"అదీ దరిద్రపు రంగేరా. కానీ ఈ పాపం దానిది కాదు."

తైస్తో వెళ్ళి సమ్మెట తెచ్చాడు. ఇన్నేళ్ళూ మీ మధ్య పులుసు గిన్నె మోసింది నేను, మొదటి దెబ్బ నాది అన్నాను. ఇద్దరూ పక్కకి తప్పుకున్నారు.