మంచి గడ్డ

"భయపడకండి, ఇది మంచి గడ్డే," అన్నాడు డాక్టరు, ఎడమ ఊపిరితిత్తికి వెళ్ళే గాలిగొట్టంలో బఠాణీగింజలా కూర్చున్నదాన్ని తెరమీద చూపిస్తూ. క్యాన్సరు కాదని ఆయన ఉద్దేశం. మా వదిన ఆ మాటనే పట్టుకుంది.

"మంచిదైతే ఉండనివ్వండి."

నాకు ఒళ్ళు మండింది. వదినది మొదటినుంచీ తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం. కానీ ఎందుకలా అందో నాకు తెలుసు. ఆవిడ ఊపిరి వదిలితే పొడుగ్గా ఒక ఈల, పీలిస్తే పొట్టిగా ఒకటి. మా అన్నయ్య బస్సు కండక్టరు. డ్యూటీ దిగి వచ్చి, మెట్ల కింద నిలబడి, తలుపు తియ్యమని సరిగ్గా అలాగే ఈల వేసేవాడు. ఇంట్లోవాళ్ళం కూడా ప్రయాణికులమే అనుకునేవాడు మహానుభావుడు.

అన్నయ్య పోయిన ఏడాదికే వదిన ఛాతీలో ఆ ఈల మొదలైంది. అందరం ఉబ్బసమనుకున్నాం. ఆవిడ మాత్రం అది వినిపించినప్పుడల్లా లేచి వెళ్ళి తలుపు తీసేది. నేను నవ్వేదాన్ని. ఒక మధ్యాహ్నం ఆవిడ నిద్రలో ఉండగా ఈల విని, లేచి వెళ్ళి తలుపు తీసింది నేను. మెట్లమీద ఎవరూ లేరు. అయినా వెంటనే వెయ్యబుద్ధి కాలేదు. ఆ తరవాత మరి నవ్వలేదు.

డాక్టరు ఓపిగ్గా చెప్పాడు. గడ్డ గాలికి అడ్డం పడుతోంది, దాని వెనక చీము పట్టడంవల్లే వదినకి ఈ జ్వరాలన్నీ. ఇలాగే వదిలేస్తే రేపు ఊపిరితిత్తిలో ముక్కే కోసెయ్యాలి. ఇప్పుడైతే ఛాతీ కొయ్యక్కర్లేదు. మత్తిచ్చి, నోట్లోంచి గొట్టం పంపి, కరెంటు పారే తీగ ఉచ్చుతో గడ్డను తెంపి బయటికి లాగేస్తారు.

"ఆయన్ని రెండోసారి పంపించెయ్యమంటావా?" అంది వదిన, బయట బెంచీమీద కూలబడి.

"నువ్వు పోతే అన్నయ్య ఎక్కడుంటాడు? ఆయనకింక మిగిలిన ఇల్లు నువ్వేగా!" అని కసిరాను.

మర్నాడు ఆవిడ ఆపరేషను కాగితంమీద సంతకం పెట్టింది.

గడ్డ బయటికి వచ్చేసింది. సాయంత్రం బొంగురు గొంతుతో, "వీపుమీద చెవి పెట్టి చూడవే," అంది. పెట్టాను. గాలి వస్తోంది, పోతోంది. ఇంకేమీ లేదు. నాకు దుఃఖం ముంచుకొచ్చింది.

"ఉన్నాడా?"

"ఆఁ... సన్నగా," అన్నాను, లేదనడానికి మనసొప్పక.

వదిన గొంతులోకి ప్రాణం లేచొచ్చింది. "అయితే వేరు మిగిలిందన్నమాట. మళ్ళీ పెరుగుతుంది. ఇంక చూపించుకోడానికి రమ్మంటే నేను రాను. నువ్వూ డాక్టరుకు చెప్పకు."

నా అబద్ధం ఆవిడ ప్రాణంమీదికి తెచ్చేలా ఉంది. నా ముఖం కనబడకుండా మళ్ళీ ఆ వీపుకే తల ఆనించాను. ఈల లేదు అనబోయాను.

"లేడు వదినా," అన్నాను.