బరువెక్కిన సున్నం

చేవెళ్ల మార్కెట్ రోడ్డులో ఎరువుల దుకాణం నడిపే లక్ష్మీనర్సయ్యకు ఒక చోట కూర్చోవడం చేతకాదు. బిల్లు రాస్తూ రాస్తూ లేస్తాడు, లేచినవాడు ఎందుకు లేచాడో మరిచిపోయి మళ్ళీ కూర్చుంటాడు. అలాంటి మనిషి ఆ ఆదివారం పొద్దుగూకేదాకా కాటా ముందు నుంచి కదల్లేదంటే కారణం సున్నం.

మూడేళ్ల కింద తెప్పించిన సున్నం పొడిలో ఆరు బస్తాలు వెనక రేకుల షెడ్డులో మిగిలిపోయాయి. ఎలుకలు కొరికాయి, వానాకాలం తేమ పట్టింది. సగం సరుకు పోయినట్టే అనుకుని, ఒక్కో బస్తానూ విడివిడిగా మిద్దె మీద పరిచి రెండు రోజులు ఎండబెట్టి తూచాడు. పాతిక కిలోల బస్తా ముప్పై మూడు తూగింది. కాటా చెడిపోయిందేమోనని తనే ఎక్కి చూసుకున్నాడు. కాటాకు ఏ రోగమూ లేదు, తన బరువు ఎప్పటిలాగే సిగ్గుపడేంత చూపించింది. ఇంకో బస్తా తూచాడు, అదీ అంతే.

మూలన పడేసిన సరుకు కూడా తన చేతిలో ఒళ్ళు చేస్తుందని ఆ రాత్రి అన్నం దగ్గర భార్య వసంతకు నాలుగు సార్లు చెప్పాడు. ఆ సంబరం మర్నాటికీ తగ్గలేదు. చిల్కూరు నుంచి భిక్షం వచ్చి ద్రాక్షతోటకు తెగులు మందు కలుపుకోవాలని మైలుతుత్తం, సున్నం అడిగితే, ఆ బస్తాలోంచే ఐదు కిలోల సున్నం తూచి పైన ఇంకో కిలో ఊరికే వేశాడు. దసరాకు కొమ్మలు కత్తిరించిన తోట అది, ఇప్పుడిప్పుడే లేత చిగురు వేస్తోంది. రేపు పొద్దున్నే కొడతానని చెప్పి భిక్షం వెళ్లిపోయాడు.

మంగళవారం తెల్లవారి చాయ్ తాగుతూ ఆ బస్తాల సంగతే కూతురితో మొదలుపెట్టాడు. ఇంటర్ మొదటి ఏడు చదివే నవ్యశ్రీకి ఆ రోజు కెమిస్ట్రీ పరీక్ష. పుస్తకంలోంచి తల ఎత్తకుండానే వింటున్న పిల్ల, ఉన్నట్టుండి ఎత్తింది.

“ఎండబెట్టినంక బరువు తగ్గాలె గదా బాపు. పెరిగిన ఎనిమిది కిలోలు ఏడికెల్లి వచ్చినయ్?”

గాలికెల్లి వచ్చినయ్ అని ఆయన వేళాకోళమాడాడు. నిజంగానే గాలి నుంచే అని ఆ పిల్ల నోట్సు ముందుకు తోసింది. మక్కగింజలు మనం కిలోల లెక్కన అమ్ముతాం, రైతు మాత్రం గింజకో గుంత తీస్తాడు కదా, కెమిస్ట్రీలో మోల్ అనే లెక్కా అంతేనట. అణువులను ఒక్కొక్కటిగా ఎంచలేం కాబట్టి తూచి తెలుసుకుంటారట. ఒక మోల్ సున్నం డెబ్బై నాలుగు గ్రాములు. అది గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చి, తనలోని నీటిని వదిలేస్తే నూరు గ్రాములవుతుంది. ఆ లెక్కన పాతిక కిలోలు మొత్తం మారిపోతే ముప్పై నాలుగుకు కొంచెం తక్కువ. మన బస్తా ముప్పై మూడు.

“అయితే ఏందిప్పుడు?”

“మొత్తం మారినట్టే బాపు. అది సున్నం గాదు, సుద్ద పొడి.”

లక్ష్మీనర్సయ్య నమ్మలేదు. తెల్లగానే ఉంది, మెత్తగానే ఉంది, సున్నం కాక మరేమిటని వాదించాడు. వసంత వంటింట్లోంచి నిమ్మకాయ చెక్క తెచ్చి, షెడ్డులోని పొడి మీద పిండింది. అది బుస్సున నురగ కక్కింది. తాంబూలం డబ్బాలోని సున్నం మీద పిండితే ఉలుకూ పలుకూ లేదు. సుద్ద అయితేనే పొంగుతుందని నవ్యశ్రీ చెప్పింది. చెప్పాక ముగ్గురికీ ఒకేసారి భిక్షం గుర్తొచ్చాడు.

మైలుతుత్తంలోని రాగి ఘాటును అణిచేది సున్నమే. అది లేని మందు లేత చిగురు మీద పడితే ఆకు మాడుతుంది, ఆకు మాడితే ఈ ఏటి కాపు పోయినట్టే. లక్ష్మీనర్సయ్య ఫోన్ చేశాడు. మోగింది, ఎత్తలేదు. మళ్ళీ చేశాడు, మళ్ళీ చేశాడు. కొత్త సున్నం సంచి స్కూటర్ కాళ్ల దగ్గర పెట్టుకుని, చొక్కా గుండీలు దారిలో పెట్టుకుంటూ బయల్దేరాడు.

దారి పొడుగునా ఆయన బుర్ర ఆగలేదు. కంకర లారీ వెనక పడి హారన్ కొడుతూ, పోయి ఏం చెప్పాలా అని ఆలోచించాడు. ఇది ఇంకా మంచి సున్నం, నీ కోసమే తెచ్చిన అంటే సరిపోతుంది, పాతదాని సంగతి ఎత్తనక్కర్లేదు. మొయినాబాద్ వచ్చేసరికి ఆ మాట బాగా కుదిరిందనిపించింది. చిల్కూరు మలుపులో గుడికి పోయే ఆటోల మధ్య ఇరుక్కున్నప్పుడు తన మీద తనకే రోత పుట్టింది. ముప్పై ఏళ్లుగా కాటా ముల్లు చూసి బతికిన మనిషి, పెరిగిన బరువు ఎక్కడిదని ఒక్కసారైనా అడగలేదు.

తోటలో భిక్షం వీపున పంపుతో తొమ్మిదో సాలులో ఉన్నాడు. లక్ష్మీనర్సయ్య గట్టు మీది నుంచే ఆగమని కేకేసి, రొప్పుతూ డ్రమ్ము దగ్గరకు వెళ్లాడు.

“కొడవలి ముంచి చూసినవా?”

“వేరే దుకాణంల తెస్తే ముంచుత సేటు. నీ దగ్గర తెచ్చినదానికి ఎందుకు?”

మందు కలిపాక మెరిసే ఇనుమును అందులో కాసేపు ముంచి తీయడం ద్రాక్ష రైతుల అలవాటు. ఎర్రబారితే రాగి ఇంకా విడిగా ఉన్నట్టు లెక్క. లక్ష్మీనర్సయ్య కొడవలి తీసుకుని తనే ముంచాడు. తీసేసరికి అంచు పొడుగునా ఎర్రటి పూత. ఇనుప పరమాణువులు నీళ్లలోకి దిగితే రాగి పరమాణువులు వచ్చి వాటి చోట కూర్చున్నాయని నవ్యశ్రీ అయితే చెప్పేది. ఆయనకు చెప్పడానికి ఒకటే మిగిలింది. దారిలో కుదుర్చుకున్న మాట వదిలేసి, సున్నం చచ్చిపోయిందనీ, తెలియక ఇచ్చాననీ చెప్పేశాడు.

భిక్షం పంపు ఖాళీ చేసి మంచినీళ్లు నింపాడు. ఇంకో పంపు లక్ష్మీనర్సయ్య వీపుకెత్తుకున్నాడు. ఎండ ముదరకముందే తొమ్మిది సాళ్లూ ఆకు ఆకునా కడిగారు. చెప్పులు బురదలో ఎక్కడో దిగబడిపోయాయి, తెల్ల చొక్కా నీలమైంది. చిగురు బతుకుతుందనే భిక్షం అన్నాడు. గట్టు మీద చతికిలబడ్డాక, అవతలి రెండెకరాల్లో బంతిపూల చేను కనిపించింది. అక్కడా ద్రాక్షే ఉండాలి కదా అని లక్ష్మీనర్సయ్య అడిగాడు.

“పీకేసిన సేటు. పోయినేడు గూడ మందు కొట్టిన నాలుగొద్దులకే ఆకంత మాడిపోయింది. నా చెయ్యి మంచిది గాదని మా ఇంటిది అన్నది. నేను గూడ గదే అనుకున్న. ఈ సగం గూడ పోతదేమోనని బుగులుతోనే కొడుతున్న.”

లక్ష్మీనర్సయ్యకు లేచి పోవాలనిపించింది. లేవలేకపోయాడు.

“పోయినేటి సున్నం ఎవరి దగ్గరిది?”

“నీదే. ఇంకెవరి దగ్గరికి పోత?”

“అది గూడ మూడేండ్ల కింది ఈ సరుకే భిక్షం.”

తిడతాడనుకున్నాడు, కొట్టినా పడదామనుకున్నాడు. భిక్షం బంతి చేను వైపు చూశాడు. తరవాత మందు మరకలు పట్టిన తన రెండు చేతులూ ముందుకు చాపి, తిప్పి తిప్పి చూసుకున్నాడు.

“అయితే నా చేతులు మంచిగనే ఉన్నయన్నట్టు,” అన్నాడు.