కుడికంటి ఉంగరం

వక్కిలేరు పొంగి, మా షెడ్డులో సగం చెక్కిన బొమ్మలు నడుం లోతు నీళ్లలో నిలబడిన వరద తర్వాత మూడో ఏడు అది. నాది ఆళ్లగడ్డ. రాతి బొమ్మలు చెక్కుతాను. నంద్యాలలో కొత్త గోపురం మీద నా అమ్మవారి బొమ్మ ఎక్కి నెల అయింది.

కిందినుంచి చూసుకుందామని సంతలో రెండు గొట్టాల పాత దుర్భిణి ఒకటి కొన్నాను. నడుమ చక్రం తిప్పితే ముఖం దగ్గరికొచ్చింది కానీ రెప్పల అంచులు రెండేసిగా, కరిగినట్టు ఉన్నాయి. చెక్కేటప్పుడు ఎడమ కన్ను మూసి గుండు దారంతో నిలువు చూడడం మాకు అలవాటు. అట్లాగే మూసి చూస్తే ముఖమంతా మంచు. రెప్పలు మందంగా వదిలేశానేమో అనుకున్నాను. రేపే గోపురానికి పరంజా కొయ్యలు కట్టించు, మళ్లీ ఉలి పెడతానని మేస్త్రీ వెంకటేష్‌కు చెప్పాను. తీసిన రాయి మళ్లీ అతకదు. ఆ భయం పట్టుకుని, తప్పు అద్దాలదేమో అడుగుదామని గోపురం ఎదుట గడియారాలూ కళ్లద్దాలూ బాగుచేసే అమానుల్లా దగ్గరికి పోయాను.

"ఏందన్నా ఓబయ్యన్నా, దూర్బీన్ కొన్యావే! ఎవరింట్లో ఏం వండుతాండారో చూడనీకా?"

"బొమ్మ తేటగా లేదు."

అతను దుర్భిణి కళ్లకు పెట్టుకుని, చక్రం కాస్త తిప్పి గోపురం వైపు చూశాడు. "నాకు గీత గీసినట్టుంది. నువ్వు ఏం తిప్పినావు?"

"చక్రం."

"అదొకటేనా? రా, మిద్దె మీదికి."

మిద్దె మీద గోపురం నీరెండలో ఉంది. అమానుల్లా చక్రం మీద వేలు పెట్టాడు. "ఇది తిప్పితే కంటికాడి అద్దాలు రెండూ కలిసి జరుగుతాయి, కాడెద్దుల మాదిరి. నీ కండ్లు రెండూ ఒక తీరుగుంటే చాలు. లేకుంటే కుడి ఎద్దుకు ఇంకో పగ్గం ఉండాది. ఇదో, ఈ ఉంగరం."

కుడి గొట్టం చివర గీతల ఉంగరం. నేను దాన్ని నగిషీ అనుకున్నానన్నాను.

"నగిషీనా! నీకు అన్నీ నగిషీలేనప్పా. కుడి కన్ను మూసుకో. చక్రం తిప్పి ఎడమకు తేట చేసుకో. ఆ... ఇంక చక్రం ముట్టొద్దు. ఎడమ మూసి, ఉంగరం తిప్పు."

తిప్పాను. మంచు కదిలింది. అందులోంచి ముందు ముక్కు, తర్వాత పెదవి, నీళ్లలోంచి తేలినట్టు వచ్చాయి. గోపురం లేదు, ఆకాశం లేదు, కింద ఆటోల మోత లేదు. గుండ్రటి వెలుగులో ఆ ముఖం ఒక్కటే. రెండు కళ్లూ తెరిచాను. రెప్ప అంచు నేను వదిలినట్టే, వరిపొట్టు మందాన ఉంది. ఆమె నన్ను చూసి ఇప్పుడే నిద్రలేచినట్టనిపించింది. పావురం ఒకటి భుజం మీద వాలి, లేచిపోయింది.

అమానుల్లా దుర్భిణి తీసుకుని ఉంగరం చూశాడు.

"నాకు సున్నా మీద కుదిరింది. నీకు కడపటి గీత దాకా పోయింది. తప్పు రాతిది కాదన్నా. ఊరందరి దేవుళ్లకు కండ్లు పెడతావే, నీ కుడి కన్ను ఎవరికీ చూపించుకోవా?"

వెంకటేష్‌కు ఫోన్ చేసి కొయ్యలు వద్దన్నాను.

మరునాడు పొద్దున షెడ్డులో, ఇంకా కళ్లు చెక్కని బొమ్మ ముందు గుండు కట్టిన దారం వేలాడదీశాను. యాభై ఏండ్లలో మొదటిసారి కుడి కన్ను మూసుకుని చూశాను. దారం కొంచెం ఊగి, నిలబడింది. ఉలి తీసుకున్నాను.